ఎత్తుకి పైఎత్తు: ట్యాంకు మోటారు ప్రోగ్రాం రాయకుండా, ఆట గెలిచి తెచ్చుకోవడం ఎలా

మా పెదనాన్నగారి ఇల్లు ఆమదాలవలస దగ్గర. డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, పెరట్లో బోరు. చీటికీమాటికీ కిందకి దిగి స్టార్టర్ నొక్కలేకపోతున్నాం రా అంటే నేనే ఆర్డుయినో అనే ఒక చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టి ప్రోగ్రాం రాసీసి ఇచ్చాను. ఫ్లోటు (నీళ్ళ మీద తేలే స్విచ్చు) కిందకి వాలితే మోటారు ఆన్, ఫ్లోటు పైకి లేస్తే ఆఫ్, కరెంటు పోయి వస్తే ఇందాక ఎలా ఉందో అలాగే మొదలెట్టు. అంతే, పదిహేను లైన్లు. ఇరవైసార్లు టెస్ట్ చేశాను, బాగానే పనిచేసింది. నెల తర్వాత ఒక మధ్యాహ్నం సరిగ్గా ఫ్లోటు లేచిన క్షణానే కరెంటు పోయింది, ఆఫ్ అని బోర్డులో రాసుకునే లోపే. కరెంటు తిరిగొచ్చాక బోర్డు ఏమనుకుందంటే, ఇందాక ఆన్‌లో ఉన్నాను కదా, ఆన్ చేద్దాం. ఫ్లోటు అప్పటికే పైకి లేచి ఉంది, ఇంక కొత్తగా లేచేదేం లేదు, అంటే ఆఫ్ అవ్వమని చెప్పేవాడే లేడు. పెదనాన్నావాళ్ళు పొలంలో ఉన్నారు. మూడు గంటలు నీళ్ళు పొంగి పక్కింటి డాబా మీదికి పోయి, వాళ్ళు ఆరబోసుకున్న మినుములన్నీ నానిపోయాయి. పంట చేతికొచ్చాక అలా పోతే ఎంత బాధో పల్లెటూళ్ళో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే నాకు అర్థమైంది ఏటంటే, టెస్టింగ్ అంటే నాకు తట్టిన ఎత్తులు నేనే వేసుకుని నేనే ఆడుకోవడం. కరెంటు మాత్రం నాకు తట్టని ఎత్తు వేసింది. చిన్నప్పుడు తాతతో అరుగు మీద పులి-మేక ఆడేవాళ్ళం, బొగ్గుతో గీత గీసి, మూడు పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతపిక్కలు. తాత ఒకటే అనేవాడు, "ఒరే గుంటడా, నీ ఎత్తు గురించి కాదురా, అవతలోడు ఏటేస్తే నువ్వేటేస్తావో అది చూసుకో" అని. మోటారు కంట్రోలర్ కూడా అచ్చం అదే. అవతల కూర్చున్నది కరెంటు, కుళాయి తిప్పే మనుషులు. ఇవతల మన బోర్డు. అవతలోడు ఏ ఎత్తు వేసినా మన దగ్గర పైఎత్తు ఉంటే, ఆ పైఎత్తుల పట్టికే మన ప్రోగ్రాం. దాన్ని మనం రాయక్కర్లేదు, ఆటని వెనక నుంచి లెక్కేస్తే అదే బయటికి వస్తాది.

ఇది నా సొంత కనిపెట్టుడు కాదు. 1957లో అలొంజో చర్చ్ అనే లాజిక్ పండితుడు అడిగిన ప్రశ్న ఇది: సర్క్యూట్ ఏం చేయాలో లాజిక్‌లో రాసిస్తే, ఆ సర్క్యూట్‌ని దానంతటదే తయారుచేసే పద్ధతి ఉందా అని. 1969లో బ్యూకీ, లాండ్‌వెబర్ అనే ఇద్దరు ఉందని చూపించారు, దాన్ని అంతం లేని ఆటగా మార్చి. పేరు సింథసిస్. చదరంగం లాంటి ఆటల్లో ఎవరో ఒకరికి గెలుపు ఖాయం, లేదంటే ఇద్దరికీ కనీసం డ్రా ఖాయం అని జెర్మెలో అనే గణిత పండితుడు 1913లోనే చెప్పాడు, ఆ దారిలోదే ఇదీనూ. తేడా ఏంటంటే మోటారు ఆటకి ఆఖరి ఎత్తు లేదు, అది రోజూ నడుస్తూనే ఉండాలి.

సరే, ఎలా చేయాలో చెప్తాను. పక్కన ఒక కాయితం, గుప్పెడు చింతపిక్కలు పెట్టుకోండి, నిజంగా పెట్టుకోండి, చదివితే అర్థమైనట్టే ఉంటుంది గానీ పిక్క పెడితేనే బుర్రకెక్కుద్ది.

మొదటి పని, ఎవరి చేతిలో ఏముందో విడదీయడం. మన చేతిలో ఉన్నది ఒక్కటే, మోటారు ఆన్ చేయడమా మానడమా. కరెంటు ఉండడం పోవడం, నీళ్ళు వాడడం మానడం, ఇవన్నీ అవతలోడి చేతిలోవి. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు, "మధ్యాహ్నం ఎవరూ వాడరులే" అని అవతలోడి ఎత్తుని కూడా తామే వేసీస్తారు. అలా వద్దు. అవతలోడు మన పగవాడని అనుకోండి, మనల్ని ముంచడానికే కూర్చున్నాడని అనుకోండి. కరెంటుకి మన మీద పగ ఉండదు నిజమే, కానీ పగవాడి మీద గెలిచిన ఎత్తు మామూలోడి మీద కూడా గెలుస్తుంది కదా.

రెండోది, కాలాన్ని విడతలుగా కొయ్యడం. నేను అరగంటకి ఒక విడత పెట్టాను. ట్యాంకుని నాలుగు వంతులు చేశాను, వంతుకి 250 లీటర్లు. మోటారు ఒక విడత ఆడితే రెండు వంతులు ఎక్కుద్ది. ఇంట్లో ఎంత వాడినా విడతకి ఒక వంతుకి మించదు, అంటే అవతలోడు ఒక వంతు వాడొచ్చు, అసలు వాడకపోవచ్చు. ఒక్కో విడతలో ముందు అవతలోడు కరెంటు ఉందో లేదో చెప్తాడు, తర్వాత మనం మోటారు సంగతి తేలుస్తాం, ఆ తర్వాత అవతలోడు నీళ్ళు వాడతాడో లేదో వేస్తాడు. మోటారు ఆన్ చేస్తే విడత అంతా ఆడుద్ది, మధ్యలో ఆపడం లేదు. ఈ వరస చాలా ముఖ్యం. వాడకం ముందే మనకి తెలిసిపోయినట్టు రాసుకుంటే ఆట సులువైపోద్ది, కానీ అది అబద్ధపు గెలుపు.

మూడోది, ఓటమి అంటే ఏంటో రాసుకోవడం. నీళ్ళు 4 వంతులు దాటితే పొంగినట్టు, ఓడాం. 0 ఉన్నప్పుడు ఎవరైనా కుళాయి తిప్పితే ఖాళీ, ఓడాం. ఇంకేం లేదు. ఇక్కడ కూడా ఒక మాట. పొంగకూడదు అని ఒక్కటే రాసి ఊరుకుంటే ఏం వస్తాదో తెలుసా? మోటారు ఎప్పటికీ ఆన్ చేయని కంట్రోలర్ వస్తాది. అది తప్పు కాదు, మనం అడిగింది అదే మరి. కాబట్టి ఏది జరగకూడదో రాశాక, ఏది జరిగితీరాలో కూడా రాశామా అని రెండుసార్లు చూసుకోండి.

ఇప్పుడు ఆట. కాయితం మీద అయిదు గడులు గీయండి, 0 నుంచి 4 దాకా, ట్యాంకులో ఉన్న వంతులు అవి. ఓడిపోయే గడిలో పిక్క పెట్టాలి. 0 గడి చూడండి: అవతలోడు కరెంటు తీసీసి కుళాయి తిప్పుతాడు, మన దగ్గర పైఎత్తు లేదు. పిక్క పెట్టండి. తర్వాత 1 గడి: కరెంటు తీసీసి ఒక వంతు వాడతాడు, 0కి వస్తాం, అక్కడ పిక్క ఉంది, కాబట్టి 1లో కూడా పిక్క. అలా 2, 3, 4. అయిదు రౌండ్లలో బోర్డంతా పిక్కలే. అంటే ఏ తెలివైన ప్రోగ్రాం రాసినా ఈ ఆట గెలవలేం. ఎందుకంటే కరెంటు ఎన్నాళ్ళైనా పోవచ్చు అని ఒప్పుకున్నాం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన ఉద్దానంలో ఎన్నేసి రోజులు చీకట్లో ఉన్నారో గుర్తుందా, అదే ఈ ఎత్తు.

ఇలా ఓడిపోయినప్పుడు నిరాశపడొద్దు, అసలు ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఓడిపోతే ఎలా ఓడిపోతామో కూడా చేతికి వస్తాది, అవతలోడి ఎత్తుల వరస. ఆ వరస చదివితే మనం ఏ మాట అనుకోవాలో తెలుస్తాది. దాన్ని నేను ఒప్పందం అంటాను. అవతలోడు ఈ హద్దు దాటడు అని రాసుకునే మాట. మొదటి ఒప్పందం ఇలా పెట్టాను: కరెంటు వరసగా ఒక్క విడతకి మించి పోదు, తర్వాతి విడత తప్పకుండా వస్తాది.

ఇప్పుడు గడులు పది అవుతాయి, రెండు వరసలు. పోయిన విడతలో కరెంటు ఉంటే వెలుగు వరస, లేకపోతే చీకటి వరస. చీకటి వరసలో ఉంటే ఒప్పందం ప్రకారం ఇప్పుడు కరెంటు వచ్చితీరాలి. మళ్ళీ పిక్కలు పెడదాం. వెలుగు-0లో ఇందాకటి లాగే ఓటమి, పిక్క. చీకటి-0 చూడండి: కరెంటు వస్తాది, మోటారు ఆన్ చేస్తే రెండు ఎక్కి, వాడితే 1, వాడకపోతే 2, రెండూ వెలుగు గడులే, రెంటిలోనూ పిక్క లేదు, బతికాం. వెలుగు-1: కరెంటు పోతే చీకటి-1కో చీకటి-0కో పోతాం, పిక్క లేదు. కరెంటు ఉంటే ఆన్ చేస్తే 3 గానీ 2 గానీ, బాగుంది. ఆన్ చేయకపోతే మాత్రం వెలుగు-0లో పడే ప్రమాదం ఉంది. అంటే 1లో ఆన్ చేయడం మన ఇష్టం కాదు, తప్పనిసరి. 3లో ఆన్ చేస్తే 5 అయి పొంగుద్ది, కాబట్టి 3లోనూ 4లోనూ ఆఫ్ తప్పనిసరి. 2లో ఆన్ చేస్తే 4 లేదా 3, చేయకపోతే 2 లేదా 1, రెండూ క్షేమమే. ఇంకో పిక్క పెట్టే చోటే లేదు. పది గడుల్లో ఒక్క పిక్క, తొమ్మిది బతికాయి. మొదలెట్టేటప్పుడు ట్యాంకులో ఒక్క వంతు నీళ్ళుంటే చాలు, ఇంక ఎప్పటికీ ఓడం.

ఒకసారి బయటికి వచ్చింది చూడండి. 0, 1 అయితే ఆన్. 3, 4 అయితే ఆఫ్. 2 అయితే మీ ఇష్టం. ఇదే ప్రోగ్రాం. వీధిలో ఎలక్ట్రీషియన్లు పెట్టే రెండు ఫ్లోట్ల పద్ధతి కూడా ఇదే, కింద ఒకటి పైన ఒకటి, మధ్యలో ఉంటే ముందున్న స్థితే. అది ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు లెక్కతో తెలిసింది. ఆ మధ్య గడిలో దొరికిన స్వేచ్ఛ వల్లే మోటారు ఊరికే ఆగుతూ మొదలవుతూ ఉండక్కర్లేదు. ఇంకోటి గమనించండి, పట్టికలో మోటారు ఇందాక ఆన్‌లో ఉందా అన్న ప్రశ్నే లేదు. కరెంటు తిరిగొచ్చాక ఇప్పుడు నీళ్ళెంత అని చూస్తాది, అంతే. నా పాత ప్రోగ్రాంలో మినుములు నానబెట్టిన తప్పు ఇందులో పుట్టడానికి చోటే లేదు. నేనేదో జాగ్రత్తగా రాశానని కాదు, తప్పు ఎత్తులన్నీ పిక్కల కింద పోయాయి కాబట్టి.

అయితే మా పెదనాన్న ఏమన్నారంటే, అరగంట అని ఎవడు చెప్పాడు, ఇక్కడ గంట కూడా పోద్ది అని. సరే ఒప్పందం మార్చాను, వరసగా రెండు విడతల దాకా పోవచ్చు. మూడు వరసలు, పదిహేను గడులు. ఓపిగ్గా పిక్కలు పెడితే మొదటి రౌండ్లో రెండు, తర్వాత నాలుగు రౌండ్లూ ఒక్కొక్కటి, ఆరో రౌండ్లో ఒక్కసారి నాలుగు, ఏడో రౌండ్‌కి మిగతా అయిదూ నిండిపోయాయి. మొత్తం ఓటమి. కారణం వెతికితే చాలా సూటిగా ఉంది: రెండు చీకటి విడతల్లో రెండు వంతులు పోతాయి, వెలుగు విడతలో రెండెక్కి ఒకటి వాడకానికి పోగా మిగిలేది ఒకటే. మూడు విడతలకి ఒక వంతు నికరంగా నష్టం. కాబట్టి రెండు వేల లీటర్ల ట్యాంకు కొన్నా, అయిదు వేలది కొన్నా ఓటమి కొన్నాళ్ళు వాయిదా పడుద్ది తప్ప తప్పదు. మా అన్నయ్య అప్పటికే పెద్ద ట్యాంకు బేరమాడి వచ్చాడు, ఈ కాయితం చూపించి ఆపాను.

మరి మోటారు పెంచితే? విడతకి మూడు వంతులు ఎక్కించే మోటారు అనుకుని మళ్ళీ పిక్కలు పెట్టాను. అయినా ఓటమే, ఎందుకంటే 2 దగ్గర ఆన్ చేస్తే 5 అయి పొంగుద్ది, చేయకపోతే 1కి పడి అక్కణ్ణుంచి చస్తాం. మోటారుతో పాటు ట్యాంకు కూడా 5 వంతులు, అంటే 1250 లీటర్లు చేస్తే అప్పుడు గెలిచాం. 2 దాకా ఆన్, 3 నుంచి ఆఫ్. రెండూ కలిపి మారిస్తేనే పని, ఒక్కటే మారిస్తే డబ్బు దండగ. కొనే ముందు ఇది తెలియడం ఎంత మేలో చూడండి.

మూడో దారి ఖర్చు లేనిది. వాడకం మీద ఒప్పందం: కరెంటు పోయి అరగంట దాటితే, తిరిగొచ్చేదాకా ట్యాంకు నీళ్ళు ఎవరూ ముట్టుకోరు. పాత మోటారు, పాత ట్యాంకు, పదిహేను గడులు. మళ్ళీ వెలుగు-0లో తప్ప ఎక్కడా పిక్క పడలేదు, పద్నాలుగు గడులు క్షేమం, పట్టిక కూడా పాతదే. ఇంకా చిత్రం ఏంటంటే ఈ ఒప్పందంతో కరెంటు ఎంతసేపు పోయినా ఆట ఓడం. నీళ్ళు లేకుండా కూర్చోవాలి, ఆ బాధ వేరు, తిత్లీ లాంటిది వస్తే దానికి డ్రమ్ముల్లో నింపి పెట్టుకోవాల్సిందే.

ఇప్పటిదాకా చెప్పింది "చెడు జరగకూడదు" రకం ఆట, అన్నిటికన్నా సులువు. రెండో రకం "మంచి ఎప్పటికైనా జరగాలి" అన్నది. ఊరి నీళ్ళ పథకంలో రెండు వాల్వులు ఉన్నాయనుకోండి, పై వీధికొకటి కింద వీధికొకటి, రెండూ ఒకేసారి తిప్పితే ప్రెజర్ చాలదు. కోరిక ఇలా రాస్తాం: రెండూ ఎప్పుడూ ఒకేసారి తెరుచుకోకూడదు, ఎవరు అడిగినా ఎప్పటికైనా వాళ్ళకి నీళ్ళు రావాలి. "ఎప్పుడూ", "ఎప్పటికైనా", "తర్వాతి విడతలో", "అప్పటిదాకా", ఈ నాలుగు మాటలతో కోరికలు రాసే లాజిక్‌ని ఎల్‌టీఎల్ అంటారు, 1977లో అమీర్ ప్నుయెలీ దాన్ని ప్రోగ్రాముల కోసం తెచ్చాడు, ఆయనకి 1996లో కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద బహుమతి, ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

ఈ రెండు కోరికలూ, ఆటని లెక్కేసి కంట్రోలర్ తయారుచేసే ఒక టూల్‌కి ఇస్తే ఏం ఇస్తాదంటే, అడిగినా అడక్కపోయినా ఒక విడత పై వీధి, ఒక విడత కింద వీధి, వంతులవారీగా తిప్పే కంట్రోలర్. కోరిక ప్రకారం అది తప్పు కాదు, కానీ నీళ్ళు కాలవ పాలు. సరే అని "అడక్కుండా ఇవ్వొద్దు" అని మూడో మాట చేర్చగానే టూల్ ఇది గెలవలేని ఆట అని చెప్పేస్తాది! నాకు మొదట అర్థం కాలేదు, చాలాసేపు చూశాను. అవతలోడి ఎత్తు ఇది: మొదటి విడతలో రెండు వీధులూ ఒకేసారి అడుగుతాయి, మనం ఒకరికే ఇవ్వగలం, రెండో వీధి వెంటనే చెయ్యి దించేసి ఇంకెప్పుడూ అడగదు. అడిగింది కాబట్టి ఎప్పటికైనా ఇవ్వాలి, ఇప్పుడు అడగట్లేదు కాబట్టి ఇవ్వకూడదు. ఇరుక్కున్నాం. అందుకని ఒప్పందం: అడిగిన వీధి నీళ్ళు వచ్చేదాకా చెయ్యి దించదు. ఇది చేర్చితే గెలుస్తాం. మనుషుల మధ్య పంచాయితీలో ఎవరికీ తోచని ఈ మెలిక, ఆట రెండో నిమిషంలో బయటపెట్టింది.

ఇలాంటి ఆటని లెక్కేయడానికి పిక్కలు తిరగేసి పెట్టాలి. ఈసారి ఓటమి గడుల నుంచి కాదు, గమ్యం నుంచి మొదలు. ఎత్తు మనం వేయాల్సిన గడి అయితే, అక్కణ్ణుంచి ఒక్క ఎత్తైనా పిక్క ఉన్న గడికి పోతే చాలు, పిక్క పెట్టండి. ఎత్తు అవతలోడు వేయాల్సిన గడి అయితే వాడి ఎత్తులన్నీ పిక్క గడులకే పోవాలి, ఒక్కటి తప్పించుకున్నా పెట్టకూడదు. ఇంక పెట్టడానికి లేనంత వరకు పెట్టండి. అప్పుడు పిక్కలున్న చోటల్లా మనం గమ్యానికి లాక్కెళ్ళగలం. గమ్యం ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ చేరాలి అంటే, చేరాక కూడా పిక్క గడుల్లోకే రాగలిగే గమ్యాల్ని మాత్రం ఉంచి, మిగతావి తీసీసి, మొత్తం మళ్ళీ మొదట్నుంచి చేయాలి, ఏదీ మారనంత వరకు. చేత్తో అయితే ఇరవై గడుల దాకా ఓపిక పట్టొచ్చు, ఆపైన కంప్యూటర్‌కి వదిలేయండి.

కంప్యూటర్‌లో అయితే స్పాట్ అనే ప్యాకేజీలో ఎల్‌టీఎల్‌సింట్ ఉంది, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ళ స్ట్రిక్స్ ఉంది, రెండూ ఉచితమే. ఏవి అవతలోడివి, ఏవి మనవి, కోరిక ఏంటి, ఈ మూడూ ఇస్తే గెలుస్తాం లేదా గెలవం అని చెప్పి, గెలిస్తే కంట్రోలర్‌ని సర్క్యూట్‌గా ఇచ్చేస్తాయి. ఈ టూల్స్‌కి 2014 నుంచి పోటీలు కూడా జరుగుతున్నాయి. కోరికని ఒక్క పెద్ద వాక్యంగా రాయొద్దు, ఒక్కో మాట చేర్చి ఒక్కోసారి నడపండి, ఎక్కడ గెలుపు ఓటమిగా మారిందో ఆ మాట దగ్గరే మీ మెలిక ఉంటాది. నేను వాల్వుల కథ అలాగే పట్టుకున్నాను.

ఒక హెచ్చరిక చెప్పాలి. ఎల్‌టీఎల్ మొత్తం వాడుకుంటే లెక్క బరువు భయంకరంగా పెరుగుద్ది, ప్నుయెలీ, రోస్నర్ 1989లో దాన్ని తేల్చారు, రెండంతస్తుల ఘాతం. అంటే రెండు నెత్తిన ఘాతంగా ఇంకో రెండు, ఆ రెండు నెత్తిన మళ్ళీ ఘాతంగా ఇంకో అంకె. పై అంకె 3 అయితే 256, 4 అయితే 65536, 5 అయితే 429 కోట్లు దాటిపోద్ది. అందుకే 2006లో పీటర్‌మన్, ప్నుయెలీ, సార్ ముగ్గురూ కలిసి జీఆర్ వన్ అని ఒక చిన్న భాగం తీశారు: ఒప్పందాలు మళ్ళీ మళ్ళీ నిలబడితే, కోరికలు కూడా మళ్ళీ మళ్ళీ తీరాలి, ఈ ఆకారంలోనే రాయాలి. అప్పుడు గడుల సంఖ్య రెండింతలైతే పని ఎనిమిదింతలు, అంతే, ఆ మాత్రం కంప్యూటర్ మోస్తాది. ఆర్మ్ చిప్పుల్లో భాగాలన్నీ కలిసి వాడుకునే డేటా దారి, ఆంబా బస్‌కి ఎవరి వంతు ఎప్పుడు అని తేల్చే ఆర్బిటర్‌ని ఈ దారిలోనే తయారుచేసి చూపించారు. చూస్తే అది మన వాల్వుల గొడవే, వీధుల బదులు చిప్పు లోపల భాగాలు. మన దగ్గర పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్ట్ కోసం చూస్తుంటే స్లగ్స్ గానీ స్పెక్ట్రా గానీ తీసుకోండి, రెండూ జీఆర్ వన్ మీద నడిచే టూల్సే.

ఒప్పందాల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒప్పందం తప్పితే మనకి బాధ్యత లేదు అని రాసినప్పుడు, కంట్రోలర్ కావాలని అవతలోడు ఒప్పందం తప్పేలా తోసి గెలిచినట్టు చెప్పుకోవచ్చు. ఉదాహరణకి "ట్యాంకు నిండితే ఎవరో ఒకరు వాడతారు" అని మీరు ఒప్పందం రాస్తే అది మనుషుల మీద నమ్మకం, ఆ నమ్మకాన్ని కంట్రోలర్ తనకి అనుకూలంగా తిప్పుకుంటాది. కాబట్టి ఒప్పందాల్లో అవతలోడి చేతిలో మాత్రమే ఉన్న విషయాలే రాయండి, కరెంటు ఇంతకి మించి పోదు లాంటివి, మన ఎత్తు మీద ఆధారపడేవి వీలైనంత తగ్గించండి.

ఇక సెన్సార్లు. కాయితం మీద మనకి నీళ్ళెంతో కచ్చితంగా తెలుసు. డాబా మీద తెలిసేది రెండు ఫ్లోట్లు చెప్పినంతే. గడి కనపడకుండా ఆడే ఆట చాలా కష్టం, లెక్క కూడా బాగా పెరుగుద్ది, అందుకని ముందు పూర్తిగా కనపడే ఆట గెలిచి, వచ్చిన పట్టికకి నిజంగా ఏ ఏ తేడాలు తెలియాలో చూడండి. మాకు తెలియాల్సింది రెండే: 1 లేదా తక్కువా, 3 లేదా ఎక్కువా. కాబట్టి రెండు ఫ్లోట్లు సరిపోయాయి. ఫ్లోటు నాచు పట్టి ఇరుక్కుంటే అది కూడా అవతలోడి ఎత్తే, ఆ ఎత్తు నా ఆటలో లేదు, అందుకే మూడు నెలలకోసారి ట్యాంకు ఎక్కి కడుగుతున్నాం.

ప్రస్తుతం పెదనాన్నగారింట్లో నడుస్తున్నది ఆ మూడో దారే. వంటింటి గోడకి ఇన్వర్టర్ మీద వెలిగే చిన్న ఎర్ర బల్బు పెట్టాను, కరెంటు పోయి అరగంట అయితే వెలుగుద్ది, వెలిగితే పెదమ్మ కుళాయి కట్టేస్తుంది. పిక్కలు పెట్టిన పదిహేను గడుల కాయితం లామినేషన్ చేయించి స్టార్టర్ డబ్బా మూత లోపల అంటించాను, రేపు ఎవరైనా మెకానిక్ వచ్చి మోటారు మారిస్తే గడులు మళ్ళీ లెక్కేయకుండా వైరు ముట్టుకోవద్దని కింద ఎర్ర సిరాతో రాసి.